గీత అవతల గునపం

అయినా గునపానికి నంబరెందుకు? మనిషికున్నది చాలదా?

రిమోటు మెడలో వేసుకుని నిలబడ్డ ఎడమ బండివాడి బుర్రలో పొద్దుటి నుంచీ ఇదే తిరుగుతోంది. ఎదురుగా, గనిలో ఎప్పుడో కూలిన కప్పు రాళ్లు తీస్తున్నారు. కాసేపట్లో కుడి బండి బయటపడుతుంది. ఆ చుట్టుపక్కలే ఎక్కడో తన నంబరు కొట్టిన గునపం ఉంటుంది. ఇంకెవరి కంటైనా అది పడిందా, ఉద్యోగం ఊడినట్టే.

అందుకే బండిని బయటికి నడిపే పని తనే అడిగి తీసుకున్నాడు.

ఆ గనిలో అలాంటివి రెండే. గొలుసు చక్రాల మీద పాకే బండ్లు. నాలుగు ఇనప కాళ్లు పైకి చాచి గని కప్పును మోస్తాయి. ఒకటి మోస్తుంటే రెండోది కాళ్లు ముడుచుకుని వెనక్కి జరగాలి. నడిపేవాళ్లు మాత్రం దూరంగా, నేల మీది ఎర్రగీత ఇవతలే నిలబడాలి. గీత దాటినవాడు నేరుగా ఇంటికే. అక్కడ మనుషుల్ని కూడా ఎడమ బండి, కుడి బండి అనే పిలుస్తారు.

కుడి బండివాడు వేరే గని నుంచి వచ్చిన పెద్దమనిషి. నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. బండిని అంగుళమంగుళం జరిపేవాడు.

"పసిపిల్లని నడిపిస్తున్నావా అన్నా?" అని ఎడమ బండివాడు వెక్కిరిస్తే అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఒళ్లు మండేది అందుకే.

కప్పు కూలిన రోజు ఎడమ బండి గొలుసులో బొగ్గుపెళ్ల ఇరుక్కుంది. పైవాళ్లకు చెప్పి, కప్పుకు దుంగలు పెట్టించాక గాని దగ్గరికి పోకూడదు. అంత ఓపిక ఎవడికుంది? గునపం పట్టుకుని గీత దాటాడు. పైన పెళపెళమంది. గునపం అక్కడే పారేసి పరుగెత్తాడు. దుమ్ములో కళ్లు కనబడలేదు. వీపు మీద పడవలసిన కప్పు ఎందుకో క్షణం ఆగింది. తన అదృష్టమనుకున్నాడు.

ఇవతలికొచ్చి పడేసరికి కుడి బండివాడు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు రిమోటు మీద లేవు.

విచారణలో, ఇరుక్కున్న ఎడమ బండి రాళ్ల కింద పోతే ఎవరి తప్పూ కాదన్నారు. బాగున్న కుడి బండి వెనక్కెందుకు రాలేదని అడిగారు.

ఎడమ బండివాడు అబద్ధం చెప్పలేదు. "నేను చూసేసరికి ఆయన రిమోటు వదిలేసి నిలబడున్నారండి," అన్నాడు.

కుడి బండివాడు అతని వంక ఒకసారి చూసి, "బండి నా చేతిలోనే పోయింది," అన్నాడు. అంతే.

ప్రాణభయంతో బండిని వదిలేశాడని రాసి పంపేశారు. పరుగు మాష్టారు అని పేరు పెట్టింది ఎడమ బండివాడే.

ఊరు వదిలే ముందు ఆయన ఇతని ఇంటికొచ్చాడు. తలుపు తీయకుండా కిటికీలోంచే ఏమిటన్నాడు ఎడమ బండివాడు.

"గునపం సంగతి నాకు తెలుసు తమ్ముడూ. నువ్వు..."

కిటికీ రెక్క ధడాలున మూసేశాడు. ఏదో చెప్పబోయాడు పాపం, మంచినీళ్లయినా ఇవ్వనిచ్చారు కాదని భార్య సణిగింది.

ఆ సగం మాటను అప్పటి నుంచీ తనే పూర్తిచేసుకుంటున్నాడు. 'నువ్వెలా బతుకుతావో చూస్తా' అని ఒకరోజు. 'నువ్వూ బయటికి పోతావు' అని ఇంకోరోజు. భయం పులిసి పులిసి ద్వేషమైంది. అదే నయమనిపించింది. భయంతో ముద్ద దిగేది కాదు, ద్వేషంతో దిగుతోంది.

ఇవాళ పొద్దున గనిలోకి దిగుతుంటే సూపర్‌వైజరు చెప్పాడు. "నీ పరుగు మాష్టారు పోయాడట. ఆ మచ్చతో ఏ గనిలోకీ రానివ్వలేదు. ఈ వయసులో సంతలో మూటలు మోస్తూ పడిపోయాడట."

అయ్యో అనుకున్నాడు. కానీ దానికంటే ముందు ప్రాణం తేలికపడింది.

ఇక మిగిలింది గునపమే.

"దీపం ఇటు కొట్టండి," అన్నాడు సూపర్‌వైజరు.

కుడి బండి కనబడింది. వెనక్కి రావలసిన బండి లోపలికి పోయి, ఎడమకు తిరిగి ఉంది. కాళ్లు రెండు వంగిపోయాయి. మిగతా రెండూ ఇంకా కప్పును మోస్తూనే ఉన్నాయి.

"మాష్టారికి కంగారులో ముందేదో వెనకేదో తెలియలేదురా," అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు.

దుంగలు నిలబెట్టాక, బండి గొట్టాలు చూసొస్తానని ఎడమ బండివాడు ఒక్కడే లోపలికి వంగాడు.

బండి పైపలక కింద మనిషి పట్టేంత గుల్ల. చుట్టూ రాళ్లగుట్ట, ఆ గుల్లలో మాత్రం ఒక్క పెళ్ల లేదు. గునపం తను పారేసిన చోటే, పారేసినట్టే ఉంది.

అతను పైపలకను చేత్తో తడిమి చూశాడు.

అంగుళమంగుళం జరిపే చెయ్యి ఆ ఒక్కసారే బండిని పరుగెత్తించింది. బయటికి కాదు, తన వీపు మీద పడబోయే కప్పు కిందికి.

విచారణలో ఆ ముక్క చెప్పుకుంటే ఆయన ఉద్యోగం నిలిచేది. కానీ గీత అవతల ఎవడున్నాడని తప్పకుండా అడిగేవాళ్లు.

"ఏముందక్కడ?" సూపర్‌వైజరు కేకేశాడు.

"ఏం లేదండి." నోరు దానంతటదే అనేసింది.

ఇక కాళ్లు దించి బండిని ఇవతలికి లాగితే చాలు. వెనక కప్పు కూర్చుంటుంది. గునపం, గుల్ల, అన్నీ పూడిపోతాయి. రిమోటు మీద వేళ్లు బిగిశాయి.

'గునపం సంగతి నాకు తెలుసు తమ్ముడూ. నువ్వు...'

భయపడకు. అంతే అయ్యుంటుంది. అంత చిన్న మాట.

అతను గునపం చేతిలోకి తీసుకున్నాడు. గీత దాటి ఇవతలికొచ్చి, సూపర్‌వైజరు దీపం వెలుగులో, నంబరు కనబడేటట్టు తిప్పి నిలబెట్టాడు.