నంబరు 4172

దొంగతనానికి విద్యాసాగర్ మారథాన్ జరిగే ఆదివారాన్ని ఎంచుకున్నాడు. ఆరోజు అబిడ్స్ రోడ్డు మూసేస్తారు. దుకాణాలు పదకొండింటికి గానీ తెరవరు.

అతను పన్నెండేళ్లుగా పనిచేస్తున్న వామన్‌రావు గడియారాల షాపు ఆ రోడ్డు మీదే ఉంది. ఇనప్పెట్టెలో ఎవరిదో పాత బంగారు జేబు గడియారం, రిపేరుకొచ్చింది. బషీర్‌బాగ్‌లో కొనేవాడు కూడా సిద్ధం. తలనొప్పల్లా ఒక్కటే. పెట్టె తాళంచెవులు వామన్‌రావు దగ్గర ఒకటి, తన దగ్గర ఒకటి. గడియారం పోతే ముందు పట్టుకునేది తన కాలరే.

పైగా ముసలాయన సెలవురోజైనా సరే ఆరింటికల్లా వచ్చి, గోడగడియారాలకు కీ ఇచ్చి, పెట్టె చూసుకుని ఆరున్నరకు వెళ్తాడు. మళ్లీ వచ్చేది పదకొండింటికే. ఆ మధ్యలో తను ఇంకోచోట ఉన్నట్టు గట్టి సాక్ష్యం కావాలి.

అందుకే మారథాన్‌లో పేరు రాయించాడు. 4172 నంబరు ఇచ్చారు. ఛాతీకి తగిలించుకునే ఆ నంబరులో చిప్పు ఉంటుంది. దారిలో పరిచిన పట్టీలు దాటినప్పుడల్లా టైము నమోదవుతుంది. దాని మాట కాదనేవాడెవడు?

తన బదులు పరుగెత్తే మనిషి నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో దొరికాడు. పేరు అఖిలేష్ అన్నాడు. బక్కపల్చటి మనిషి, కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

"నాకు రిజిస్ట్రేషన్ దొరకలేదన్నా. నీ నంబరు మీద ఉరుకుత. పైసలు గిట్ల ఏం వద్దు."

"టోపీ, నల్లద్దాలు అస్సలు తియ్యకు. ఫొటోలల్ల మొఖం పడొద్దు."

"నువ్ ఫికర్ చెయ్యకన్నా."

ఉచితంగా! విద్యాసాగర్ తన అదృష్టానికి తానే మురిసిపోయాడు.

ఆదివారం ఆరూ నలభైకి వెనక సందులోంచి షాపులో దూరాడు. బయట అడుగుల చప్పుడు, డప్పులు, చప్పట్లు. గడియారం చేతికందిందో లేదో, "పట్టుకోన్రి! వాన్ని పట్టుకోన్రి!" అని షట్టరు అవతల ఒక ఆడగొంతు అరిచింది. అతను చప్పున బల్ల కింద దూరాడు. కానీ జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఎవరో వెనకబడ్డవాళ్లను హుషారు చేస్తున్నారన్నమాట. హమ్మయ్య అనుకుని చెమట తుడుచుకున్నాడు.

పదిన్నరకు అఖిలేష్ నాంపల్లిలో మెడల్, టైముల సర్టిఫికెట్, నంబరు అప్పజెప్పాడు, పిన్నీసులతో సహా. చాయ్ తాగమన్నా ఆగలేదు.

పదకొండున్నరకు విద్యాసాగర్ మెడలో మెడల్‌తో, కొంచెం కుంటుతూ షాపుకొచ్చాడు. కుంటడం బాగా కుదిరింది. వామన్‌రావు అప్పటికే పోలీసులను పిలిచాడు. పాపం, ఇతని మొహంలోకి చూడలేక నేల చూస్తున్నాడు.

"పొద్దుగాల ఏడ ఉన్నరు?" అంది ఎస్సై విక్టోరియా.

"పరుగుల, మేడమ్. సర్టిఫికెట్ల టైములు చూడున్రి. నాంపల్లి ఆరూ నలభై, అబిడ్స్ ఆరూ నలభై ఆరు, బషీర్‌బాగ్ ఆరూ యాభై మూడు. నడుమ షట్టరు లేపనీకి టైమేడిది?"

"నంబరు ఎవరికన్న ఇచ్చిన్రా?"

"ప్రాణం పోయినా ఇయ్య మేడమ్! మొదటి నుంచి ఆఖరు దాంక నా ఛాతీ మీదనే ఉంది."

ఆమె అంతా రాసుకుని సంతకం పెట్టించుకుంది. వామన్‌రావు కళ్లు తుడుచుకుంటూ, "నిన్ను అనుమానించిన. మాఫ్ చెయ్ బిడ్డా," అన్నాడు. విద్యాసాగర్‌కు సిగ్గనిపించిన మాట నిజమే గానీ, ఒక్క క్షణమే.

విక్టోరియా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఔ, గడియారం మీరు తియ్యలే, నాకు నమ్మకం కుదిరింది. ఇగ జీపెక్కున్రి. ఆరూ నలభై ఆరుకు గీ షాపు ముంగట నీళ్లిస్తున్నామె మెడల గొలుసు తెంపుకొని ఉరికింది గీ 4172 నంబరోడే."