పాయింట్ ఐదు

"ఐదు," అంది వర్షిణి, మిరపకాయ బజ్జీ నములుతూ.

ప్రీతికి చిర్రెత్తుకొచ్చింది. ఇదే లెక్క మధ్యాహ్నం నుంచి చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

"పాయింట్ ఐదక్కా! పాపకి ఇవ్వాల్సిన మందు ఇరవై మిల్లీగ్రాములు. ఈ ఇంజెక్షన్ సీసాలో ఉన్నది రెండు మిల్లీలీటర్లు. అందులో మందు ఎనభై మిల్లీగ్రాములు. ఎనభైలో ఇరవై అంటే పావు. రెండులో పావెంత?"

"అర."

"అరంటే పాయింట్ ఐదేగా? సీసాలో ఉన్నదే రెండైతే, ఐదెక్కణ్ణుంచి తీస్తావు?"

"ఇంకో రెండు సీసాలు పగలగొడతా," అని పకపకా నవ్వింది వర్షిణి.

"పదింతల మందెక్కితే పాప ఏమైపోతుందక్కా?"

"కాగితం మీద పాపే కదే తల్లీ! అయినా చిన్నపిల్ల కాబట్టి సుమారుగా కాస్త తగ్గించి వేస్తే పోలా? పార్లర్లో హెయిర్ డై నేనేమన్నా కొలిచి కలుపుతానా?"

నూనె చేతులు ప్రీతి పుస్తకానికే తుడిచింది. ప్రీతి పుస్తకం లాక్కుంది.

ప్రీతి బందరులో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. వర్షిణి ఆమెకంటే ఆరేడేళ్లు పెద్దది. చల్లపల్లిలో బ్యూటీ పార్లర్ నడుపుకుంటోంది. ఈ ఏడాది మొత్తం మీద కాలేజీ గుమ్మం తొక్కింది రెండే సార్లు. హాజరు మాత్రం రోజూ పడుతోంది. ఎలా పడుతోందో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తరు. ఛీ, ఇదొక కాలేజీ!

పొద్దున కరస్పాండెంట్ కాంతారావుగారు ప్రీతిని గదిలోకి పిలిచి విషయం చెప్పారు.

"రేపు ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారమ్మా. క్లాసులో కూర్చుంటారట. రేపటికల్లా వర్షిణికి మందుల లెక్కలు వచ్చి తీరాలి. ఆ అమ్మాయి తడబడిందంటే కాలేజీకి గుర్తింపు పోతుంది. మీ బ్యాచ్ చదువంతా గంగలో కలుస్తుంది. నువ్వు క్లాస్ ఫస్టు కదా, నీదే భారం."

అవనిగడ్డలో ప్రీతి వాళ్లమ్మ ప్రభావతి, తన కూతురు నర్సవబోతోందని చర్చిలో అప్పుడే సాక్ష్యం కూడా చెప్పేసింది. ఆ నర్సు ఉద్యోగం ఇప్పుడు ఈ నూనె చేతుల్లో పడింది.

"అసలు నర్సింగ్‌లో ఎందుకు చేరావక్కా?" ఉండబట్టలేక అడిగింది ప్రీతి.

"మా నాన్న పోరు పడలేక. రక్తం, చీము, వాంతులు... యాక్! నాకు మొదట్నుంచీ అసహ్యమే."

నాకు నువ్వంటే అంతకన్నా అసహ్యం అనబోయి, ఆ మాటని మింగేసింది ప్రీతి.

చీకటిపడే వేళకి కూడా వర్షిణికి లెక్క రాలేదు. జవాబు మాత్రం బట్టీ పట్టింది.

"వేరే లెక్కయితే ఏం చేస్తావక్కా?"

"వేరేది రాదులే. ఇదే వచ్చేలా నేను చూసుకుంటాగా!" అని కన్ను కొట్టింది వర్షిణి.

ప్రీతికి ఒళ్లు కంపరమెత్తింది. హాస్టల్ కుళాయి కింద పుస్తకం అట్ట కడిగింది. నూనె మరక పోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసర్లు వచ్చి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. కాంతారావుగారు గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

గంజి పెట్టిన చీరలో వచ్చిన వర్షిణి చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద లెక్క రాసి, మొదటి బెంచీలో ఉన్న ప్రీతిని చూపిస్తూ, "లేమ్మా, రాకపోతే సిగ్గుపడకు, నేర్పడానికేగా టీచర్ని నేనున్నది!" అంది.