చిన్నగా అయ్యే హీరో

ఆ ఆదివారం ప్రసూన ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఎగరాలనే ఉంది.

బుక్కరాయసముద్రంలో కోడలిగా అడుగుపెట్టి ఏడాదైన ప్రసూన, ఫోనుతో సినిమా తీస్తోంది. నలుగురు సూపర్ హీరోలు కలిసి బోరుగుంతలో పడ్డ పాపను కాపాడే కథ. వేషాలు కావలసినవాళ్ళు రమ్మని వాట్సాప్ స్టేటస్ పెట్టింది.

వచ్చినవాళ్ళంతా నాయకుడి వేషమే అడిగారు.

వీరేష్ ఎగురుతానన్నాడు. జయరాముడు తానూ ఎగురుతానన్నాడు. ఇద్దరూ ఎగిరితే కింద ఎవరుంటారని అడిగితే, ఇద్దరూ కలిసి శశికుమార్‌ను చూపించారు.

శశికుమార్ అలిగి చెప్పులేసుకున్నాడు. గాలిమరను ఒంటిచేత్తో ఆపే వేషం ఇస్తాననేసరికి మళ్ళీ విడిచాడు.

ఇలాంటి సినిమాల్లో శత్రువుతో యుద్ధం చివర్లో వస్తుంది. అంతవరకూ హీరోలు తమలో తామే కొట్టుకుంటారు. ఆ భాగానికి రిహార్సల్ అక్కర్లేదని ప్రసూనకు అర్థమైంది.

వాన కురిపించే హీరోను మాత్రం ఆమే కథలోంచి తీసేసింది. ఎంత సూపర్ హీరో సినిమా అయినా ఈ కరువు జిల్లావాళ్ళు కాస్తయినా నమ్మాలి కదా.

చివరికి వీరేష్ నాయకుడయ్యాడు. జయరాముడికి మెరుపులు దక్కాయి.

ఇక మిగిలింది చిన్నగా అయ్యే హీరో. చీమంత అయిపోయి, గుంతలోకి దిగి, పాపను ఎత్తుకొని రావాలి. తెరమీద కనిపించేది తక్కువ. అందుకే ఎవరూ ఒప్పుకోలేదు.

"నేను చేస్తానమ్మా."

గేటు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పొడుగు. వాకిలికి అడ్డం పడేంత భుజాలు. పేరు యేసన్న అట. స్టేటస్ సంగతి ఎవరో చెబితే విడపనకల్లు నుంచి బస్సులో వచ్చాడట.

మా అత్తమామలదీ ముందు ఆ ఊరేనని ప్రసూన ఉత్సాహంగా చెప్పింది.

"నువ్వు చిన్నగయ్యేదేందన్నా? నిన్ను చూస్తే గాలిమరే పక్కకు తప్పుకుంటాది. నాయకుడి వేషం ఇస్తా, తీసుకో."

అందరూ నవ్వారు, వీరేష్ తప్ప.

యేసన్న వద్దన్నాడు. గుంతలోకి దిగే వేషమే కావాలన్నాడు. తర్వాత ఒక మాట అడిగాడు.

"కతలో పాప బతికే వస్తాదా?"

"నలుగురు హీరోలుండంగ రాకుండా యాడికి పోతాదన్నా."

పెరట్లో ఒక సిమెంటు రింగు ఉంది. అదే బోరుగుంత. ఫోను బాగా దగ్గర పెడితే ఇరుకుగా కనిపిస్తుంది. పాప వేషం ప్రసూన చెల్లెలు హేమ కూతురిది. యేసన్న రింగులో ముడుచుకొని కూర్చొని, పాపను ఎత్తుకొని లేవాలి.

ఏం చెప్పాలని అడిగాడు. తోచింది చెప్పమంది ప్రసూన.

అతను రింగులో కూర్చున్నాడు. పాప తల నిమిరాడు.

"వచ్చినా లేమ్మా. బయపడొద్దు. నాయనొచ్చినాడు."

అతను పాపను గుండెకు హత్తుకొని లేచాడు.

షాట్ అయిపోయిందని ప్రసూన చెప్పింది. యేసన్న పాపను దించలేదు. మళ్ళీ చెప్పింది. అతను కళ్ళు మూసుకొని అలాగే నిలబడ్డాడు. పాప గింజుకొని ఏడుపు అందుకుంది.

హేమ పరుగెత్తుకొచ్చింది. "యాడోడివో ఏమో, నా బిడ్డను ఇడ్సు ముందు."

అతనికి వినిపించినట్టు లేదు.

పొద్దుట్నుంచి కుదరని జట్టు అప్పుడు కుదిరింది. వీరేష్ ఒక చెయ్యి, జయరాముడు ఒక చెయ్యి పట్టి విరిచారు. శశికుమార్ పాపను లాక్కున్నాడు. ముగ్గురూ కలిసి అతన్ని గేటు బయటికి నెట్టారు.

"పిల్లలుండే ఇంట్లోకి ఇట్లాంటోన్ని రానిచ్చినా చూడు, నన్ననుకోవల్ల," అంది ప్రసూన, అతనికి వినపడేలా.

అతను చెయ్యి రుద్దుకున్నాడు. గేటు అవతలినుంచి మెల్లగా అడిగాడు.

"పాప పైకొచ్చింది ఫోన్లో పడినాదా తల్లీ? ఒక్కసారి చూసి పోతా."

ప్రసూన అతని కళ్ళముందే ఆ ముక్క తుడిచేసింది. ఖాళీ అయిన తెరను తిప్పి చూపించింది కూడా.

అతను తలూపి నడిచిపోయాడు.

అప్పుడే మామ బయ్యన్న మోటారు సైకిలు మీద వస్తున్నాడు. యేసన్నను చూసి బండి ఆపాడు. దిగాడు. ఎప్పుడూ ఎవరికీ తల వంచని మనిషి, భుజం మీది టవల్ తీసి చేత్తో పట్టుకొని, రోడ్డు పక్కన తల దించుకొని నిలబడ్డాడు.

యేసన్న ఆగకుండా ఆయన్ను దాటి పోయాడు.

ప్రసూన లోపలికొచ్చింది. అత్త తిమ్మక్క వంటింటి కిటికీ దగ్గరే నిలబడి ఉంది. అంతా చూసినట్టుంది.

"ఆయప్ప నీకు తెలుసా అత్తా?"

తిమ్మక్క కిటికీ రెక్క మూసింది.

"గేటు కాడ నిలబడినప్పుడే గుర్తుపట్టినా. ఏ మొకం పెట్టుకొని బయటికొచ్చేది?"

ప్రసూన కుర్చీ లాక్కోబోయి ఆగిపోయింది.

"విడపనకల్లులో బోరేస్తే నీళ్ళు పడలేదు. పైపు పీకించి పక్క బోరుకు ఏపిచ్చినాడు మీ మామ. గుంతకు మూత పెట్టల్లని తోచలేదు. కూలికొచ్చినోళ్ళ బిడ్డ ఆడుకుంటా పోయి దాంట్లో పడినాది. ఎంత చేసినా బయటికి తీసేకి కాలేదు. యాడ పడినాదో ఆడనే మన్నుపోసి పూడ్సినారు. ఊరోళ్ళ మొకం చూడలేక ఈడికొచ్చేస్తిమి."

తిమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడు మీరు బయటికి నెట్టినారే, ఆయప్పే ఆ బిడ్డ నాయన."