తాత్కాలిక విలువ

పదకొండో పరీక్ష ఫెయిలయింది.

ఆమె ల్యాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుని ఎర్ర అక్షరాల వరుసను మళ్ళీ చదివింది. ఇంకోసారి నడిపి చూసింది. అదే ఎరుపు.

విడివిడిగా రాసిన ప్రోగ్రామ్ ముక్కల్ని కూర్చి ఒక సాఫ్ట్‌వేర్‌గా తయారుచేసే పనిముట్టు అది. దాన్ని పరీక్షించి తప్పులు పట్టడం ఉద్యోగం. ఈ వారం తాత్కాలిక విలువల వంతు. ఒక పేరుకు బయట ఒక విలువ ఉంటుంది. లోపల కొన్ని వరుసల వరకు అదే పేరుకు వేరే విలువ ఇవ్వవచ్చు. ఆ వరుసలు దాటగానే పాత విలువ తిరిగి రావాలి. పరీక్షలో పేరు ‘ఊరు’. బయట ఆదోని, లోపల ఎమ్మిగనూరు. పది రకాలుగా లోపలికి పోయి వచ్చినా బయట ఆదోని చెక్కుచెదరలేదు. లోపలి పని మధ్యలో తెగిపోయేలా చేసిన పదకొండోసారి మాత్రం బయట కూడా ఎమ్మిగనూరే మిగిలిపోయింది.

వీధిలో ఆటో ఆగింది. ఆలూరు నుంచి బంధువులు దిగినట్టున్నారు, నడవలో ఏడుపు మళ్ళీ మొదలైంది. ఆమె లేచి తలుపు గడియ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుంది. అప్పటికే కాల్ వస్తోంది.

“భారతీ, వినపడుతోందా?” బెంగళూరు నుంచి టీమ్ లీడ్ చంద్రశేఖర్.

“వినపడుతోంది సార్.”

“గొంతు ఇంకా అలాగే ఉందే?”

“జలుబు సార్. ఇంట్లో ఏడుపులు కూడా.”

“అవునవును, మేనత్తగారు పోయారు కదా. మెసేజ్ చూశాను. ఇంకో రెండు రోజులు ఆగి పనిలోకి రావాల్సింది.”

ఆగడానికి లేదు. ఆ ఏటి సెలవులన్నీ కర్నూలు ఆసుపత్రి చుట్టూ తిరగడానికే అయిపోయాయి. ఇక ఒక్క రోజు పోయినా ప్రాజెక్టులోంచి తీసేస్తామని మెయిల్ వచ్చి ఉంది. మగ్గం ఆగిపోయి మూడేళ్ళయిన ఆ ఇంటికి ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు.

“పర్లేదు సార్. పదకొండోది ఫెయిలయింది,” అంది.

జరిగింది చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

“పని మధ్యలో తెగిపోవడం ఎప్పుడో నూటికోసారి. పాస్ అని పెట్టేయండి. మిగతాది తర్వాత చూసుకుందాం.”

“ఫెయిల్ అనే పెడితే సార్?”

“నాలుగింటికి క్లయింట్‌తో వీడియో కాల్. మీరే చేసి చూపించాలి. కెమెరా పెట్టక తప్పదు, వాళ్ళ రూల్.”

ఆమె చెయ్యి అప్రయత్నంగా కెమెరా మీద అతికించిన కాగితం ముక్క మీదికి పోయింది.

“కెమెరా వద్దు సార్. మొహం చూపించే పరిస్థితిలో లేను.”

“అర్థమైంది. అయితే మీ ఇష్టం. మూడున్నరకల్లా చెప్పండి. అన్నట్టు, మీ చెల్లెలు వీణకు పని నేర్పిస్తున్నానన్నారు, ఎంతవరకు వచ్చింది?”

“నేర్చుకుంటోంది సార్.”

“మీ దగ్గర నేర్చుకుంటే ఒక్క తప్పు కూడా వదలదు లెండి,” నవ్వి పెట్టేశాడు.

తలుపు చప్పుడైతే లేచి గడియ తీసింది. పక్కింటి బషీరాబీ టిఫిన్ డబ్బాతో వచ్చింది. ఆ వెనకే అమ్మ దేవక్క.

“తిను బేటీ,” అంది బషీరాబీ. “మీ పొయ్యి ఎలిగేదాంక మా ఇంటి బువ్వే మీకు. ఎప్పుడు జూసినా ఆ సారు చెవులోనే ఉంటాడు. ఆయప్పకు ఆకలి గాదా?”

“ఆయప్పకు ఆకలైతే నన్ను తింటాడులే పిన్నమ్మా.”

దేవక్క నవ్వలేదు. “ఆలూరోళ్ళు యాడుందని అడుగుతాండారు. పనిలో ఉందని సెప్పడానికి నాకే నోరు రాలేదు. ఎన్నాళ్ళు సేస్తావు ఇట్ల?”

“ఒక్క నెల మా. ఇంకో పని దొరికేదాంక.”

“దొరక్కపోతే?”

ఆమె డబ్బా మూత తీసి, పప్పన్నం వేళ్ళతో కలుపుతూ కూర్చుంది. ముద్ద నోటిదాకా పోలేదు. బషీరాబీ దేవక్క భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

బల్ల మీద నోట్‌బుక్ తెరిచే ఉంది. ఒక్కో పరీక్ష ఎలా చెయ్యాలో, ఎక్కడ మోసపోతామో పూసగుచ్చినట్టు రాసి ఉంది. పదకొండో దాని కింద ఎర్ర పెన్నుతో రెండు వాక్యాలు: ‘పని మధ్యలో తెగినా పాతది వెనక్కి రావాలి. ఎవరు చెప్పినా ఇది వదలకూడదు.’

మూడూ ఇరవై అయింది. ఫెయిల్ మీద ఒకసారి గుర్తు పెట్టింది. తీసేసింది. కెమెరా మీది కాగితం ముక్క అంచును గోరుతో లేపబోయి, మళ్ళీ గట్టిగా అదిమింది. నోట్‌బుక్ మూసింది. పాస్ అని పెట్టి పంపింది.

నిమిషంలో ఫోన్ మోగింది.

“థాంక్స్ భారతీ. నిజం చెప్పాలంటే, మీరు నాతో రెండు గంటలు వాదిస్తారనుకున్నాను. ఎప్పుడూ వాదిస్తారు కదా.”

“ఓపిక లేదు సార్.”

“ఉంటాను మరి. సోమవారం పన్నెండోది మొదలుపెట్టండి.”

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. చెవులు మండుతున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుని తలుపు తీసింది. నడవలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగి, చప్పున తలలు దించుకున్నారు.

గుమ్మం పక్కన కూర్చున్న దేవక్క తలెత్తింది.

“అయిపాయెనా?”

“అయిపాయె మా.”

“అయితే రా వీణా, మీ అక్క పటం ముందర దీపం పెట్టు.”