పొర మీద పొర

జాగ్రత్తయ్యగారు బయల్దేరడానికి నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పై నిమిషాలు బట్టలకే పోయాయి.

ముందు బనీను. దాని మీద పొడుగు చేతుల బనీను. ఆపైన చొక్కా, చొక్కా మీద స్వెట్టరు, స్వెట్టరుకీ కోటుకీ మధ్య గుండెల మీద నాలుగు మడతలు పెట్టిన నిన్నటి పేపరు. గాలిని ఆపడంలో పేపరును మించింది లేదని ఆయన సిద్ధాంతం. మెడకు మఫ్లరు, కాళ్లకు రెండు జతల మేజోళ్లు, చేతులకు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క జత తోలు గ్లౌజులు. ఇన్ని తొడిగాక వంగి బూటు లేసు కట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. బండి తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య వచ్చి కట్టింది.

“ఒక్కటే మందపాటిది వేసుకుంటే లాభం లేదు. పొర మీద పొర ఉండాలి. వింటున్నావా?”

“పదకొండేళ్లుగా వింటూనే ఉన్నానండీ,” అంది ఆవిడ.

ఆయనకు అసలు పేరు వేరే ఉంది. బీమా ఆఫీసులో వాహన ప్రమాదాల ఫైళ్లు చూసే గుమాస్తా. ఎవరు ఏ మలుపులో జారారో, ఎవరి కాలు ఎన్నిచోట్ల విరిగిందో చదివీ చదివీ, కనిపించినవాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పించుకున్నవాళ్లు ఆ పేరు తగిలించారు. ఆయన దాన్ని బిరుదు కింద జమ కట్టుకున్నారు.

బయట ఎదురింటి గేటు కూడా కనిపించనంత పొగమంచు. ఆయన బండి చుట్టూ తిరిగి టైర్లు నొక్కి చూశారు. హెడ్‌లైటు తుడిచారు. ఇంజను వేడెక్కాలని గడియారం చూసి మరీ రెండు నిమిషాలు ఆగారు.

భార్య తన పల్చని స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని వేళ్లు దాచుకుంది. ఆ వేళ్లు ఎర్రగా కమిలి, కొసలు పగిలాయి. ఆవిడ కుట్టుపని చేసే దుకాణం ఆయన ఆఫీసు దారిలోనే.

“దుకాణానికి వెళ్లాక గంటసేపు వేళ్లు వంగడం లేదండీ. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. ఇలాగైతే వేరే మనిషిని చూసుకుంటానని నిన్న యజమానురాలు మొహం మీదే అనేసింది.”

“వేడి నీళ్లలో పెట్టు.”

“ఇవాళ మీ ఆఫీసులో ఇచ్చే బహుమతి గ్లౌజులే కదా. వస్తే నాకిస్తారా?”

“ముందు రానీ. చూద్దాం.”

ఆవిడ కోరికల్లో ‘చూద్దాం’ దాకా వచ్చినవి తక్కువ. అందుకని దానికే సంతోషించింది.

దారి పొడుగునా జాగ్రత్తయ్యగారి నోటికి తాళం పడలేదు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకూడదు, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి. వంతెన మీద తడి ఆరదు, అక్కడ వేగం పనికిరాదు. లారీ వెనకాల అంటుకుని పోకూడదు. భార్య ఒక్క ముక్క మాట్లాడలేదు. బండి మీద మాట్లాడితే ధ్యాస చెడుతుందని ఆయనే నేర్పారు.

సిగ్నలు దగ్గర, గ్యాసు సిలిండర్లు వేసే అతను ఉత్తి చేతులతో బండి మీద కనిపించాడు.

“ఏమయ్యా, గ్లౌజులేవి? వేళ్లు బిగుసుకుపోతే బ్రేకెలా పడుతుంది? ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?”

అతను ఈయన్ని ఒకసారి, బండిని ఒకసారి చూసి నవ్వాడు. ఇంతలో పచ్చలైటు వెలిగింది. మంచి చెప్పినా ఎక్కని మొహం అనుకుని ఆయన సరిపెట్టుకున్నారు.

ఆఫీసు షెడ్డులో బండి పెట్టడం ఆయనకు గిట్టదు. రేకుల మీది మంచు కరిగి సీటు మీద కారుతుందట. అందుకని ఎప్పుడూ వెనక సందులోనే దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని నడిచి వస్తారు.

సాయంత్రం హాల్లో చలికాలపు భద్రతా సభ జరిగింది. పదకొండు చలికాలాలు, రోజూ రెండు పూటలా బండి ప్రయాణం, ఒక్కసారి కూడా పడింది లేదు. బహుమతి దరఖాస్తులో అడిగినవాటికి అన్నిటికీ ఆయన నిజమే రాశారు. అంతటి రికార్డు ఆఫీసులో మరొకరికి లేదు. మేనేజరు గ్లౌజుల పెట్టె చేతిలో పెట్టి, రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు.

“చలిలో బండి నడిపే మనిషి ప్రాణం వేళ్ల కొసల్లో ఉంటుంది. ఉత్తి చేతులతో నడిపేవాళ్లది తెలియనితనం అనుకుందాం. చూస్తూ చూస్తూ వాళ్లనలా నడపనిచ్చే ఇంటివాళ్లున్నారే, వాళ్లకసలు మనసనేది ఉందా అని అడుగుతున్నాను.”

అక్కడ ఆయన ఆగి, మఫ్లరు సర్దుకున్నారు. ముందు వరసలో రిసెప్షన్ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

“మీ ఇంట్లోవాళ్లు అదృష్టవంతులండీ,” అన్నారు మేనేజరు.

“అది నిజమే సార్,” అని ఒప్పుకున్నారు జాగ్రత్తయ్యగారు.

ఆరింటికి వెనక సందులోకి వచ్చేసరికి చలి మళ్లీ ముదిరింది. ఆయన పెట్టె విప్పారు. గ్లౌజులకు లోపల మెత్తటి బొచ్చు, పైన తడి అంటని తోలు. పొద్దున భార్య అడిగిన మాట గుర్తొచ్చి, చేతికున్న పాత జత వంక చూసుకుంటూ ఒక్క క్షణం ఆలోచించారు.

ఆనక, పొర మీద పొర ఉండాలి కదా అని పాతవాటి మీదే కొత్తవి తొడుక్కుని, కమిలిన ఉత్తి వేళ్లతో హ్యాండిల్ పట్టుకుని ఎదురుచూస్తున్న భార్య వెనక సీటెక్కి కూర్చుని, “ఊఁ, పోనీ, మలుపు దగ్గర జాగ్రత్త” అన్నారు.