మెలికయ్య వీపున బిళ్ళలు

"కదలకు," అంది అక్క.

కదలడానికి చోటెక్కడిది? గది పీపాలా ఉంది. పైన మూత బిగించి ఉంది. అక్క అతని నడుం పట్టి తిప్పింది. భుజం లోపలికి నెట్టింది. చెయ్యి తియ్యగానే ఒళ్ళు మళ్ళీ మెలిక పడింది. అందుకే అందరూ అతన్ని మెలికయ్య అంటారు.

"ఎంతమందిని తిన్నగా చేసి పంపానో. నీ దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు."

"ఇంకొక్కసారి చూడక్కా."

"పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నాగా తమ్ముడూ."

మూత తీసింది. బయట మేస్త్రీ ఉన్నాడు. మెలికయ్య వీపున ఒక బిళ్ళ అంటించాడు. దాని మీద ఇంకోటి. దాని మీద మరోటి.

బిళ్ళలు పడ్డవాళ్ళ దారి ఒక్కటే. సందు చివర గొట్టంలాంటి గది ఉంది. అటు వెళ్ళినవాళ్ళు అవతలివైపు ముక్కలై వస్తారు. ఆ ముక్కలు మళ్ళీ దేనికో పనికొస్తాయట.

సందులో ఊపిరాడటం లేదు. వెనక్కి తిరిగే వీల్లేదు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

తలుపు దగ్గర ఇద్దరున్నారు. కాపలావాడు వీపు తడిమి చూస్తాడు. బిళ్ళలుంటే లోపలికి తోస్తాడు, లేకపోతే రానివ్వడు. తోసేటప్పుడు బిళ్ళలు ఊడదీసి దాచడం పక్కనున్న ముసలాయన పని.

"బాబాయ్, నేనేం తప్పు చేశాను?"

"తప్పేం లేదురా. వంకర, అంతే."

"వంకరగా ఉంటే బతక్కూడదా?"

ముసలాయన చెయ్యి అతని వీపు మీదికి వెళ్ళింది. జాలో, పొరపాటో, కాపలావాడు తడమకముందే బిళ్ళలన్నీ ఊడదీసేశాడు.

కాపలావాడు వీపు తడిమాడు. ఏమీ లేదు.

"దారికడ్డంగా ఏంట్రా నువ్వు? పో అవతలికి."

పోయాడు. ఓ మూల నక్కాడు. అక్కడ తనలాంటివాడే ఇంకొకడు కనిపించాడు. ఇద్దరూ చేతులు పెనవేసుకున్నారు. దారిన పోతున్న తిన్ననివాణ్ణొకణ్ణి వాటేసుకున్నారు. వాడూ మెలిక పడ్డాడు. చూస్తుండగానే మూల నిండింది. తర్వాత సందు నిండింది. ఇంత ముద్దని ఆ గొట్టంలోకి లాగడం ఇక ఎవరి తరమూ కాదు.

"గండం గడిచిందిరా," అన్నాడు మెలికయ్య.

ఆ సందూ, ఆ గదులూ, ఆ మూలన మెలికలు పడి ముద్దకట్టిన ప్రొటీన్లూ ఏ పెద్దాయన మెదడులోని ఒక్క కణంలో ఉన్నాయో ఆయన, తన చొక్కా గుండీలు పెడుతున్న భార్యను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు.