పూర్ణచంద్రరావు మెడ

“ఇది ఫోన్ మెడండీ,” అన్నాడు డాక్టరు, ఎక్స్‌రేని లైటుకి ఎత్తిపట్టి. “రోజుకి ఎన్ని గంటలు చూస్తారేంటి?”

ఉమారాణికి నవ్వాగలేదు. తెనాలి మొత్తంలో ఆ ప్రశ్న అడగకూడని మనిషంటూ ఉంటే, అది ఆవిడ మొగుడు పూర్ణచంద్రరావే.

“నా దగ్గర ఫోనే లేదండి,” అన్నాడాయన, మెడ తిరక్క మనిషి మొత్తం తిరిగి. “ఇంట్లో ఉన్నది బటన్ల ఫోన్. అదీ ఈవిడ దగ్గరే ఉంటది.”

“అందరికీ మెడ కిందకి వంగుద్ది. మీది కుడిపక్కకి ఒరిగింది. కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. పక్కకి పడుకుని చూస్తున్నట్టున్నారు. నాకు చెబితే ఏం పోద్ది సార్!”

ఉమారాణి నవ్వు ఆగిపోయింది.

ఫోన్లంటే పూర్ణచంద్రరావుకి ఒళ్ళుమంట. పిచ్చుకలు పోయింది టవర్ల వల్లే అంటాడు. పాడైన బ్యాటరీలు కాలవలో పడేస్తే ఆ విషం తిరిగి మన చెంబులోకే వస్తుందంటాడు. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు ఫోన్ తీశాడా, పప్పు వడ్డించే లోపే వాడి నిద్ర, కళ్ళు, మెడ ఎలా పోతాయో చెప్పి ఆకలి చంపేస్తాడు. టచ్ ఫోన్ కావాలని ఉమారాణి అడిగినప్పుడల్లా, “కావాలంటే గాజులు చేయిస్తాను గానీ ఆ దరిద్రం నా గడప తొక్కదు,” అనేవాడు. ఆయనకీ లేదు కదా అని ఆవిడ ఇన్నాళ్ళూ ఊరుకుంది.

“ఎప్పుడు కొన్నారు?” ఆటోలోనే మొదలెట్టింది.

“ఏంటి?”

“ఏంటా? నాకు వద్దని చెప్పి మీరు దొంగచాటుగా నొక్కుతున్నదే!”

ఇల్లు చేరగానే సోదా మొదలైంది. బియ్యం డబ్బా, అటక, ఆయన సంచి, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె. ఏమీ దొరకలేదు. కానీ అనుమానం పోలేదు. మొన్నటికి మొన్న, వంటింటి గడప తొక్కని ఈ మనిషి, “ఉల్లిపాయల్లో ముందే ఉప్పేస్తే తొందరగా వేగుతాయి,” అన్నాడు. ఎవరు చెప్పారంటే చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆదివారం వస్తే చాలు, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇల్లంతా తిరుగుతాడు.

“ఎవరావిడ?” అంది ఉమారాణి.

పూర్ణచంద్రరావుకి రోషం వచ్చింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. “నాకంటూ ఫోన్ ఉంటే ఈ కళ్ళు పోవాలి!” అని అరచేత్తో ఆర్పేశాడు.

కర్పూరాన్ని నమ్మాలా, ఎక్స్‌రేని నమ్మాలా? ఆ రాత్రి ఉమారాణికి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళే రేపల్లె రైలు తనూ ఎక్కేసింది. ముఖం నిండా కొంగు. ఫోన్ కంటపడిందా, రేపల్లెలో దిగీ దిగగానే తనకీ ఒకటి, అంతకంటే పెద్దది.

పూర్ణచంద్రరావు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా వదిలేసి, ముగ్గురు కూర్చున్న చోట నాలుగోవాడిగా ఇరుక్కున్నాడు. ఉమారాణి వెనకాల రెండో వరసలో కూర్చుంది. ఆయన తలకాయ తప్ప ఏమీ కనపడదు.

వేమూరు దాటింది. లేచి తొంగిచూసింది. చేతులు రెండూ క్యారియర్ మీద బుద్ధిగా ఉన్నాయి.

భట్టిప్రోలు వచ్చింది. చేతులు అక్కడే ఉన్నాయి. తల మాత్రం కుడిపక్క కుర్రాడి భుజం మీదకి వాలిపోయింది.

నిద్ర! పొద్దున్నే లేచి పరిగెత్తే మనిషి. రోజూ ఇలా వాలిపోతుంటే మెడ పట్టెయ్యదూ?

ఉమారాణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. దేవుడిలాంటి మనిషిని కర్పూరం దాకా తెచ్చానే అనుకుంది. సంచిలోంచి టవల్ తీసి మడత పెట్టి, ఆయన మెడ కింద పెడదామని నెమ్మదిగా లేచి వెళ్ళింది. ఆయన వెనకే నిలబడి, చెయ్యి చాపింది.

“అజయ్ బాబూ,” అంటున్నాడు పూర్ణచంద్రరావు పక్క కుర్రాడితో, “నిన్నటి ఆ వంటలావిడనే పెట్టి, నీ ఫోన్ కాస్త ఇటు తిప్పి వెలుగు పెంచు నాయనా, కళ్ళు లాగేస్తున్నాయి.”